అలంకరణ చిత్రలేఖనానికీ మిక్స్‌డ్ మీడియాకూ కొత్త ఊహలు మీకు ఎక్కడ దొరుకుతున్నాయి? మన వైపు వారు చెప్పండి

గడపముగ్గు (నెల్లూరు)

సభ్యులందరికీ నమస్కారం. నేను నెల్లూరు మూలాపేటలో ఉంటాను. చెక్క ట్రేల మీద, మట్టి కుండల మీద, పాత పెట్టెల మీద పువ్వులూ తీగలూ వేసే అలంకరణ చిత్రలేఖనం చాలాకాలంగా చేస్తున్నాను. ఈ మధ్య కాగితం, గుడ్డ, నూలు, రంగు కలిపి ఒకే చెక్క పలక మీద కూర్చే మిక్స్‌డ్ మీడియా వైపు మనసు మళ్లింది. చేతికి పని అలవాటైంది గాని, ఏం వెయ్యాలన్న దగ్గరే ఆగిపోతున్నాను. ఫోనులో వెతికితే ఎక్కడ చూసినా అదే బుద్ధుడి తల, అదే నెమలి, బంగారు రంగు పూసిన అదే చెట్టు. నాలుగు రోజులు వాటిని చూశాక నా చేతిలోనూ అవే వస్తున్నాయి.

అడుగు చదరపు పలకలు కొన్ని ఒక వరుసగా చెయ్యాలని ఉంది. అవి చూసినవారికి ఇవి నెల్లూరులో పుట్టినవని తెలియాలి, కాని దానికోసం గుడి గోపురాన్నో ఒంగోలు గిత్తనో బొమ్మగా వేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మీకు ఊహ దేని నుంచి పుడుతోంది? వస్తువు నుంచా, చోటు నుంచా, పాత పనితనం నుంచా? మీ పద్ధతిని కాస్త వివరంగా రాస్తే నాకే కాక ఇంకా కొందరికి ఉపయోగపడుతుంది.

పలకాబలపం (ఒంగోలు)

అమ్మా, నేను పాఠశాలలో డ్రాయింగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ ప్రశ్నకు నా జవాబు వస్తువు నుంచి అనే. ముందు ఊహ పుట్టాలి, తరవాత దానికి తగిన సామాను వెతకాలి అనుకున్నంతకాలం మనం ఇదివరకు చూసిన బొమ్మలే బయటికి వస్తాయి. సామాను చేతిలోకి తీసుకుని, అది ఏం చేయనిస్తుందో, ఏం చేయనివ్వదో చూస్తే ఊహ దానంతట అదే మొదలవుతుంది.

మాక్స్ ఎర్న్‌స్ట్ అనే చిత్రకారుడు 1925లో పాత చెక్క నేల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. చెక్క ఈనెలు కాగితం మీదికి తేలి, వాటిలో ఆయనకు అడవులూ పక్షులూ కనిపించాయి. ఆ పద్ధతికి ఫ్రోటాజ్ అని పేరు. మన ఊళ్లలో పాత ఇళ్ల తలుపులకు, దూలాలకు చెక్కడాలు ఇంకా మిగిలి ఉన్నాయి. పలచని కాగితం ఆనించి మైనపు క్రేయాన్‌ను అడ్డంగా పట్టుకుని రుద్దండి. తామర రేకు అంచు స్పష్టంగా వస్తుంది, చెదలు తిన్నచోట గీత తెగిపోతుంది. ఆ తెగిన చోటును పూడ్చకండి, మీ పలకలో రంగు వెయ్యవలసిన జాగా అదే. తాటాకు చాప, జల్లెడ, రోలు, ఇనుప చువ్వల కిటికీ, అన్నిటినీ ఇలాగే రుద్దవచ్చు. ఒక పుస్తకం నిండా ఇవి చేరితే ఫోను తెరవవలసిన అవసరం చాలావరకు తప్పుతుంది.

రెండోది, మీకు మార్కాపురం రాతి పలకా చీమకుర్తి రాయీ అందుబాటులో ఉన్నాయి. ఆ రాతి పలక మీద మేకుతో గీస్తే గీత బూడిద తెలుపులో వస్తుంది, రంగు లేకుండానే చిత్రం సగం పూర్తవుతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ముక్కను ఎండలో పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. నల్లని రాతిలో బ్రాంజైటు అనే ఖనిజపు రవ్వలు ఉంటాయి, అవి అన్నీ ఒకేసారి మెరవవు. ఒక వాలులో కొన్ని మెరుస్తాయి, రాయి తిరిగేసరికి అవి ఆరిపోయి మరికొన్ని వెలుగుతాయి. బంగారు రంగు సీసా చేతికి రాగానే పలకంతా పూసేవారు ఆ రాతిని ఒక పూట చూడవలసిందని నా అభిప్రాయం.

కొత్తకుంచె (కావలి)

మాస్టారూ, నాదొక చిన్న ప్రశ్న. నేను డిగ్రీ చదువుతున్నాను. దుకాణాల్లో దొరికే జెస్సో (రంగుకు ముందు వేసే తెల్ల పూత), టెక్స్చర్ పేస్టు, మెరుపు రంగులు నాకు అందే ధరలో లేవు. బజారులో దొరికే సామాన్లతో ఇవన్నీ చేయగలమా? ఎవరైనా చెప్పగలరు.

కాకిబంగారం (గూడూరు)

మెరుపు సంగతి నేను చెబుతాను. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనులు చాలా పాతవి. మా ఇళ్లలో పిల్లలు ఆడుకున్న కాకిబంగారం ఆ గనుల చుట్టుపక్కల ఏరుకున్నదే. దాన్ని గోటితో విడదీస్తే పొరలు పొరలుగా వస్తుంది, ఎంత పలచగా తీసినా ఇంకో పొర ఉంటుంది. మందంగా ఉన్నప్పుడు లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది, పొర పలచబడ్డకొద్దీ ఆ రంగు పోయి కేవలం పారదర్శకంగా మిగులుతుంది. పలక మీద పాత ఉత్తరపు నకలునో ఎండిన ఆకునో అంటించి దాని మీద ఇలాంటి పొరను పరిస్తే, కింది అక్షరం కనిపిస్తూనే పక్కనుంచి చూసినప్పుడు వెలుగు తగిలి దాగిపోతుంది. గాజు పెట్టినా ఈ గుణం రాదు.

దుకాణంలో ముత్యపు మెరుపు రంగులని అమ్మేవాటిలో చాలావాటికి మూలం అభ్రకమే. మెత్తటి అభ్రకపు రేకుల మీద టైటానియం డయాక్సైడునో ఇనుప ఆక్సైడునో సన్నని పూతగా ఎక్కించి వాటిని తయారు చేస్తారు. కాబట్టి ఆ సీసాలో ఉన్నది మన నేలకు కొత్త కాదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. అభ్రకాన్ని ఇంట్లో పొడిగా నూరకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొరలుగానే వాడుకోండి. కత్తిరించవలసివస్తే తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని కత్తిరించండి. గనుల దగ్గరకు వెళ్లి గుంటల్లోకి దిగే సాహసం ఎవరూ చేయవద్దు.

ధనుర్మాసం (కందుకూరు)

కొత్తకుంచె గారూ, టెక్స్చర్ పేస్టు కొనవలసిన పని లేదు. మెత్తగా జల్లించిన సుద్ద పొడిలో ఫెవికాల్ పోసి, అవసరమైతే రెండు చుక్కల నీళ్లు వేసి, గోరింటాకు కోనులో పట్టేటంత గట్టిగా కలపండి. అదే కోనులో నింపి సన్నగా పిండుకుంటూ వెళితే ముగ్గు గీత ఉబ్బెత్తుగా నిలుస్తుంది. ఒకేసారి మందంగా వేస్తే ఆరాక పగుళ్లు వస్తాయి, పలచగా రెండు వరుసలు వేసుకోవడం మేలు.

గడపముగ్గు గారి ప్రశ్నకు నా మాట కూడా చేరుస్తాను. మీ పేరులోనే జవాబు ఉందని అనిపించింది. అయితే ముగ్గును ఆకారంగా మాత్రమే చూసి పలక మీదికి ఎక్కిస్తే అది క్యాలెండరు ముగ్గు అవుతుంది. ముగ్గు వేసే చేతిని చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి జారేటప్పుడు, చెయ్యి వేగంగా కదిలితే గీత పలచబడుతుంది, మలుపు దగ్గర చెయ్యి ఆగితే అక్కడ పిండి చిన్న కుప్పగా పడుతుంది. మెలికల ముగ్గులో గీత చుక్కలను చుట్టుకుంటూ పోయి మొదలుపెట్టిన చోటికే రావాలి గనుక, వేసేవారు తరవాతి మలుపును ముందే మనసులో చూస్తారు. ఉదయం వేసిన ముగ్గు మధ్యాహ్నానికి సైకిలు చక్రం కింద, కోడి కాళ్ల కింద ఎలా చెదిరిందో కూడా చూడండి. నా పలకల్లో నేను ఎక్కువగా వాడేది ఆ చెదిరిన ముగ్గునే. కళ్లాపి చల్లిన నేల రంగు కోసం జేగురుతో పాటు కొద్దిగా నలుపూ పచ్చా కలుపుతాను, దాని మీద తెల్ల గీత నిండుగా నిలబడుతుంది.

అద్దకం (చీరాల)

మా ఊరు 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లినా ప్రకాశం వారితో మా రాకపోకలు మారలేదు కాబట్టి ఈ చర్చలో నాకూ చోటు ఉందనుకుంటున్నాను. మాది మగ్గం ఇల్లు.

ఊహ రానప్పుడు నేను చేసే పని ఒక్కటే, ఉన్న రంగుల్లో చాలావాటిని తీసి అవతల పెట్టడం. తేలియా రుమాలు అనే మన చేనేత గుడ్డను చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడు రంగులతోనే ఆ పని ప్రపంచం చుట్టివచ్చింది. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లింది. నూలును నూనెలోనూ బూడిద నీళ్లలోనూ మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెడతారు, అందుకే ఎరుపు నూలులోకి దిగి నిలుస్తుంది, అందుకే కొత్త గుడ్డకు నూనె వాసన ఉంటుంది. నేతకు ముందే పడుగునూ పేకనూ కట్లు కట్టి అద్దుతారు కనుక, రెండూ మగ్గం మీద కలిసినప్పుడు బొమ్మ అంచు ఒక దారం పోగు అటూ ఇటూ జరుగుతుంది. ఆ మసక అంచునే నేను పలక మీద కుంచెతో తెచ్చుకోవాలని ప్రయత్నిస్తాను. తడి రంగు పక్కన పొడి కుంచెతో ఒకే వైపు లాగితే కొంతవరకు వస్తుంది. పాత రుమాళ్ల గడుల్లో ఏనుగు, సింహంతో పాటు గడియారాలు, విమానాలు కూడా ఉన్నాయి. ఆ కాలపు నేతగాళ్లు తమకు కొత్తగా కనిపించినదాన్ని జంకు లేకుండా గడిలో కూర్చోబెట్టారు. మనం మాత్రం సంప్రదాయం అనగానే మామిడి పిందె దగ్గర ఆగిపోతున్నాం.

మాస్టారు ఫోను వద్దన్నారు గాని, చూసి వేయడాన్ని పూర్తిగా తోసిపుచ్చలేను. మా ఇళ్లలో పిల్లలు పెద్దల నమూనా చూసి నేర్చుకున్నవారే. నేర్చుకోవడానికి ఎంత చూసి వేసినా తప్పు లేదు, దాన్ని సొంతదిగా అమ్మకానికి పెట్టడం తప్పు. ఇంకొక మాట మనసులో పెట్టుకోండి. మిక్స్‌డ్ మీడియా పేరుతో పాత చేనేత చీరలను, రుమాళ్లను కత్తిరించి అంటించడం నాకు బాధ కలిగిస్తుంది. చిరుగులు పడి ఇక కట్టలేని గుడ్డ అయితే సరే. మంచి గుడ్డను తుంచవద్దు. మగ్గాల దగ్గర తెగిన నూలు ముక్కలు, పడుగు చివరలు మిగులుతూనే ఉంటాయి, అడిగి తెచ్చుకోవచ్చు.

పలకాబలపం (ఒంగోలు)

అద్దకం గారు చెప్పినది న్యాయమైన మాట. నేర్చుకునే చెయ్యి చూసే వేయాలి, నేనూ పిల్లలకు అలాగే నేర్పాను. నా అభ్యంతరం చూసే పద్ధతి మీద. రుమాలును ఎదురుగా పెట్టుకుని గంటసేపు వేసినవాడికి పడుగు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. ఫోనులో అరచేతి వెడల్పు బొమ్మను చూసినవాడికి ఆకారం తెలుస్తుంది, అది ఎలా తయారైందో తెలియదు. మన పనికి కావలసింది ఆ రెండోదే.

అంటించే కళకు పుట్టుక కూడా చేతికి అందిన వస్తువులోనే ఉంది. 1912లో పికాసో, బేత అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్‌ను చిత్రం మీద అంటించి చుట్టూ తాడు బిగించాడు. తరవాత జర్మనీలో కుర్ట్ ష్విటర్స్ వీధిలో దొరికిన టికెట్లను, రేపర్లను అతికి చిత్రాలు కూర్చాడు. మన దగ్గర బియ్యం సంచి మీద అచ్చు, ఆర్టీసీ టికెట్టు, పెళ్లి పత్రిక, ధాన్యం కాటా చీటీ ఉన్నాయి. నెల్లూరు అనగానే బియ్యం గుర్తుకు రాని తెలుగువారు ఉండరు గదా.

ఉప్పుగాలి (కొత్తపట్నం)

నేను సముద్రం ఒడ్డున ఉంటాను కనుక నిలకడ గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఊహ ఎంత మంచిదైనా రెండు వానాకాలాలు దాటకపోతే దాని వల్ల ప్రయోజనం లేదు.

చింతగింజల జిగురు మన వైపు పాత పద్ధతి. కొండపల్లి బొమ్మలకు దాన్ని రంపపు పొట్టుతో కలిపి మక్కుగా వాడతారు, చేర్యాల పటాలకు బట్టను దానితోనూ సుద్దతోనూ సిద్ధం చేస్తారు. నేర్చుకోవలసిన పనే, కాని తీరప్రాంతపు తేమలో పిండి జిగురుకు బూజు, పురుగు త్వరగా పడతాయి. అందువల్ల కాగితాలు అంటించడానికి తెల్ల ఫెవికాల్‌నో అక్రిలిక్ మీడియం అనే రంగులేని పూతనో వాడండి. పలకకు ముందువైపు మాత్రమే రంగు వేస్తే తేమకు చెక్క వంగుతుంది, కనుక వెనక వైపుకూ అంచులకూ కూడా ఒక పూత వెయ్యాలి. ప్రైమరు ఆరాక ఉప్పు కాగితంతో మెల్లగా రుద్ది, దుమ్ము తుడిచి, రెండో పూత మొదటిదానికి అడ్డంగా వేయండి.

గవ్వలు, ఆల్చిప్పలు, సముద్రం నెట్టిన చెక్క ముక్కలు వాడేవారు వాటిని మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పు పూర్తిగా వదిలించాలి. ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమను పీల్చుకుని రంగును లోపలినుంచి పొరలుగా లేపుతుంది.

పాత పత్రాలు, ఉత్తరాలు అసలువి అంటించకండి. నకలు తీయించి దాన్ని వాడండి. లేజరు ప్రింటు, జిరాక్స్ తడికి చెదరవు, ఇంకుజెట్ ప్రింటు మీద జిగురు తగలగానే అక్షరాలు పాకుతాయి. పెళ్లి పత్రికల మీద దేవుడి బొమ్మ ఉంటే దాన్ని చింపడం చాలామంది ఇళ్లలో ఒప్పుకోరు. ఆ భాగాన్ని అలాగే ఉంచి అక్షరాలున్న పుటను మాత్రమే వాడడం మర్యాద.

బిక్కిచెక్క (ఉదయగిరి)

మా ఊరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు మీలో చాలామంది చూసే ఉంటారు. పిడుల మీద సన్నని లతలు, గళ్లు చెక్కుతారు. పని చేసేవారిలో ఆడవారు ఎక్కువ. అలంకరణ చిత్రలేఖనం చేసేవారికి ఆ పిడి ఒక పాఠం. జాగా వేలి వెడల్పే కనుక, చెక్కేవారు ఏ ఆకు ఉంచాలో, ఏ ఆకు వదలాలో ముందే తేల్చుకుంటారు. మీ కుంచె తీగ ఎక్కడ ఆగాలో తెలియక పాకుతుంటే ఒక పిడిని పక్కన పెట్టుకుని వేయండి. రంగు వేయదలిస్తే పిడికి మాత్రమే వేయండి, అన్నానికి తగిలే భాగం మీద రంగుగాని వార్నిష్‌గాని పూయవద్దు.

గడపముగ్గు (నెల్లూరు)

అందరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్కరు రాసినది చదువుతూ ఒకటి రెండు పనులు మొదలుపెట్టాను, అందులో ఒకటి మీతో పంచుకోవాలి.

అద్దకం గారు చెప్పిన మూడు రంగులను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నప్పుడు నాకు పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసలు (ఫ్లెమింగోలు) గుర్తుకొచ్చాయి. అందరూ వాటిని గులాబీ రంగు పక్షులుగానే వేస్తారు. నీళ్లలో నిలబడినప్పుడు దూరం నుంచి పెద్ద పక్షి దాదాపు తెల్లగా, లేత గులాబీ ఛాయతో కనిపిస్తుంది, పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి. గుంపు లేచి రెక్క విప్పిందంటే రెక్క ముందుభాగం ఎర్రగా, ఎగిరే ఈకలు నల్లగా ఒక్కసారిగా బయటపడతాయి. ఎరుపు, నలుపు, తెలుపు, ఇవి తేలియా రుమాలు రంగులే. అందుచేత పక్షి బొమ్మ వెయ్యకుండా, పలకను రుమాలులాగా గడులు చేసి, ఒక్కొక్క గడిలో రెక్క విప్పే ఒక్కొక్క దశను మాత్రమే వెయ్యాలనుకుంటున్నాను. మొదటి గడి అంతా తెలుపు, చివరి గడి దాదాపు నలుపు. గడుల గీతలను ధనుర్మాసం గారు చెప్పిన కోనుతో పోసి చూశాను, చక్కగా వచ్చాయి. నీటి జాగాలో అభ్రకపు పొర పరవాలని ఉంది. గులాబీ సీసా మాత్రం తెరవను.

నల్ల రంగు ఒక్కటే తేలడం లేదు. సీసాలోని నలుపు మరీ చదునుగా ఉంది, గుడ్డ మీద వేసినప్పుడు ప్లాస్టిక్కులా మెరుస్తోంది.

అద్దకం (చీరాల)

గుడ్డ ముక్కల మీద అయితే శ్రీకాళహస్తి కలంకారీ వారి కసిమిని ప్రయత్నించండి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో కొన్ని వారాలు ఊరవేస్తే ఆ ద్రవం తయారవుతుంది. దానికి ముందు నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టాలి, పాలు ఉంటే గీత పాకదు. ఆరిన గుడ్డ లేత పసుపుగా ఉంటుంది. దాని మీద కసిమి గీత పెట్టినప్పుడు మొదట మామూలు తడిలాగే కనిపించి, చూస్తుండగానే నలుపు తేలుతుంది, కరక్కాయలోని వగరు గుణం ఇనుముతో కలవడం వల్ల వచ్చే రంగు అది. అచ్చమైన నలుపు కాదు, కొంచెం వెచ్చగా ఉంటుంది, ఈక రంగుకు సరిపోతుంది. పనయ్యాక గుడ్డను పారే నీళ్లలో బాగా ఉతకాలి. రాజహంసల గడుల ఊహ నాకు చాలా నచ్చింది, మా నాన్నగారికి చదివి వినిపించాను.

కొత్తకుంచె (కావలి)

సుద్ద పొడి, ఫెవికాల్ కలిపి చూశాను, నిలిచింది. మా ఇంటి పాత తలుపును రుద్దిన కాగితాన్ని దాని కింద అంటించాను. కసిమి వేసిన గుడ్డను ఫెవికాల్‌తో పలకకు అంటిస్తే ఇనుము వల్ల పక్కనున్న కాగితం మచ్చపడదా?

ఉప్పుగాలి (కొత్తపట్నం)

బాగా ఉతకకపోతే పడుతుంది. ఉతికిన నీళ్లలో రంగు ఛాయ కనిపించకుండా పోయేంతవరకు జాడించండి, తరవాత నీడన ఆరబెట్టండి. అంటించే ముందు గుడ్డ వెనక అక్రిలిక్ మీడియం ఒక పూత వేసి ఆరనిస్తే అది కాగితానికీ గుడ్డకీ మధ్య అడ్డుగా ఉంటుంది. అభ్రకం పొరను అన్నిటికంటే చివర అంటించి, దాని మీద వార్నిష్ వేయకుండా వదిలేయండి. వార్నిష్ పడితే పక్కవాటు వెలుగు పోతుంది, గడపముగ్గు గారు కోరుకున్న నీటి మెరుపు అక్కడే ఉంది.